ఆడలేదన్న కాటా కోసం చంద్రగిరి నుంచి చిత్తూరుకు

రూపాయి వేస్తే బరువు చెప్పే పాత మిషన్ ఒకటి చంద్రగిరిలో ఉందని తెలిసిన దగ్గర్నుంచి నేను కుదురుగా కూర్చున్నది లేదు. తిరుపతిలో ఒక పాలిటెక్నిక్ కాలేజీ వర్క్‌షాపులో పాఠాలు చెబుతాను. సొంతూరు తెనాలి వైపు. ఖాళీ దొరికితే పాత మిషన్లు విప్పి బాగుచేయడం నా పిచ్చి. ఇంట్లో ఇప్పటికే రెండు రూపాయి ఫోన్లు, ఒక పాడైన టికెట్ మిషన్ ఉన్నాయి. పడగ్గదిలోకి ఇంకో ఇనప ముక్క వస్తే తను హాల్లోకి మారిపోతానని మా ఆయన బెదిరించి కూడా చాలా రోజులైంది. ఈసారి మాత్రం నా దగ్గర జవాబుంది. చంద్రగిరి రోడ్డులో కొత్తగా లాడ్జి కడుతున్న ఒకాయన రిసెప్షన్‌లో పాతకాలం వస్తువులు పెట్టుకుంటున్నాడు. "లైట్లు వెలిగి చక్రం తిరిగితే చాలు మేడమ్, బరువు ఎవరికి కావాలి" అన్నాడు. నా చేతుల్లో బాగుపడిన మిషన్ ఒక్కటైనా పదిమంది తిరిగే చోట నిలబడాలని నాకు ఎప్పటి నుంచో ఆశ. అందుకే బరువు ఎవరికి కావాలన్న మాట చెవికి కాస్త గుచ్చుకున్నా ఊరుకున్నాను.

కోట చూడ్డానికి వెళ్లిన స్నేహితురాలు దారిలో తీసి పంపిన ఫొటో అది. మూసి ఉన్న కూల్‌డ్రింక్ షాపు ముందు ఎర్ర రంగు పోయి గులాబీకి తిరిగిన మిషన్, గుండ్రటి అద్దం, దాని చుట్టూ బల్బులు. షట్టర్ మీద రాసిన నంబరుకు మెసేజ్ పెట్టాను. మిషన్ బాగుచేసేదాన్నని, ఆదివారం చంద్రగిరికి వచ్చి చూస్తానని రాశాను. కాసేపటికి జవాబొచ్చింది. "మిషను ఆడలేదు మేడం. వస్తే ఫోన్ చెయ్యండి." నాకు సంతోషమే వేసింది. ఆడుతున్న మిషన్‌తో నాకేం పని? ఆడనివాటి కోసమే కదా ఈ తిరుగుళ్లన్నీ.

ఆదివారం తెల్లారి ఆరున్నరకల్లా తిరుపతి పెద్ద బస్టాండులో ఉన్నాను. చంద్రగిరికి ఊళ్లోంచి వెళ్లే పల్లెవెలుగు ఎక్కండి, చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బైపాస్‌లో దించేసి పోతుంది. అరగంట ప్రయాణం, పాతిక ముప్పై రూపాయల టికెట్. భుజానికి స్పానర్ల సంచి, టార్చి, ఒక డబ్బా కిరోసిన్. కిరోసిన్ వాసనకి పక్క సీటావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండు సీట్లు వెనక్కి వెళ్లిపోయింది. నాకు కాళ్లు చాపుకోను చోటు దొరికింది.

ఊళ్లో దిగి కోట వైపు ఆటో మాట్లాడుకున్నాను. ఫొటోలోని షాపు తేలిగ్గానే కనిపించింది. అదే షట్టరు, అదే నంబరు. మిషన్ మాత్రం లేదు. సిమెంటు గట్టు మీద నాలుగు బోల్టు రంధ్రాలు, వాటి మధ్య చతురస్రంగా తెల్లటి మచ్చ మిగిలాయి. ఎవడో ఎత్తుకుపోయాడనుకున్నాను. వెంటనే ఫోన్ చేశాను. అటు ఒకావిడ ఎత్తింది.

"అమ్మా, నేను నిన్న మెసేజ్ పెట్టినదాన్ని. చంద్రగిరిలో షాపు దగ్గరున్నాను."

"ఆడలేదని పెట్టినా కదా మేడమ్."

"ఆడకపోయినా ఫర్వాలేదండీ, ఆడించడానికే వచ్చాను."

"లేనిదాన్ని యాడ ఆడిస్తారు మేడమ్?"

"లేదేమిటి? ఆడలేదన్నారుగా?"

"అవును, ఆడ లేదు. ఈడ ఉండాది, చిత్తూర్లో. మొన్ననే ఎత్తకొచ్చేసినాము."

ఆటో ఆయన స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆరేళ్లుగా తిరుపతిలో ఉంటూ రోజుకు వందసార్లు ఆడ, ఈడ, యాడ వింటూనే ఉన్నాను. చెవికి అలవాటైన మాట కంటికి కాలేదు. రాతలో చూసేసరికి తెనాలి బుర్ర ముందుకొచ్చి, అక్కడ లేదన్న మాటని పనిచేయలేదని చదువుకుంది. "మా పక్క రాస్తే మధ్యలో ఖాళీ ఇడవరు మేడమ్, మనమే ఇడుచుకొని సదువుకోవాల" అన్నాడు ఆటో ఆయన, కళ్లు తుడుచుకుంటూ.

ఫోన్‌లోని ఆవిడ పేరు కస్తూరి. మిషన్ వాళ్ల నాయనదట. షాపు వేరేవాళ్లకు అద్దెకిచ్చేశారని, మిషన్ ఇంట్లో దారికి అడ్డంగా ఉందని చెప్పింది. "సాయంత్రం పాతినుమాయన బండేసుకొని వస్తానన్నాడు. మా నాయన ఒగటే మాటన్నాడు. కరెక్టుగా సూపిస్తే ఎవురికైనా ఇయ్యండి, లేకుంటే ఇనుముకెయ్యండి అని. మీరొచ్చి ఏ మాటో తేల్చేస్తే బాగుంటాది" అంది. ఇంక నాకు కోట కనబడితే కదా. రాజమహల్ తలుపులు తెరిచేదాకా ఆగితే మంచి ఫొటోలు వస్తాయని ఆటో ఆయన చెబుతూనే ఉన్నాడు. నేను బైపాస్‌కి పోనిమ్మన్నాను.

చంద్రగిరి బైపాస్‌లో నిలబడితే చిత్తూరు బస్సులు వరసగానే వస్తాయి. నిలబడే ఓపిక ఉండాలి, అంతే. రోడ్డు పక్క బండి దగ్గర ఒకావిడ కారందోశ పోస్తోంది. ఒకటి చెప్పి, పళ్లెం చేతిలో పట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాను. "కూర్చోని తినుమా, బస్సు యాడికీ పోదు" అంది. కూర్చున్నాను. రెండో ముక్క నోట్లో పెట్టుకునేలోపు చిత్తూరు ఎక్స్‌ప్రెస్ ఆగి, ఇద్దర్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది. ఆమె పెనం మీద నీళ్లు చిలకరిస్తూ "ఇంగోటి వస్తాది లే" అంది, తన తప్పేమీ లేనట్టు. దోశ మాత్రం చాలా బాగుంది. ఆ దారిన వెళితే తప్పకుండా తినండి, బస్సు వదులుకునైనా సరే.

తర్వాతి బస్సులో చిత్తూరు చేరడానికి గంటన్నర దాకా పట్టింది, టికెట్ వంద లోపే. పాకాల క్రాసు, పూతలపట్టు, రెండు పక్కలా మామిడి తోటలు, మధ్యమధ్య బండరాళ్ల గుట్టలు. కిటికీ పక్క సీటు దొరికితే బాగుండే ప్రయాణమే. కానీ నేను కాలుగాలిన పిల్లిలా సీట్లో అటూ ఇటూ మెసులుతూ మనసులోనే మిషన్ విప్పుతున్నాను. పాత మిషన్ కొనబోయేముందు నేను చూసుకునేవి కొన్నే. రంగు పోయినా, వైర్లు ఎలుకలు కొరికినా, అద్దం పగిలినా భయం లేదు, అవన్నీ బజార్లో దొరుకుతాయి. నాణెం పడే దారి పాత పెద్ద రూపాయికి చేసినదైతే ఇప్పటి చిన్న రూపాయి అందులోంచి జారిపోతుంది, దానికీ ఒక రేకు ముక్క అడ్డం పెట్టి సర్దవచ్చు. భయమంతా అడుగున ఉండే పోత ఇనుము మీదే. మనిషి ఎక్కే పలక కింద పెద్ద మీటలుంటాయి. బరువు వాటి మీదుగా పైకి పోయి ముల్లును కదుపుతుంది. ఆ మీట పగిలితే మిగతాదంతా బంగారంతో చేయించినా దండగే.

గిరింపేటలో వాళ్ల ఇల్లు ఒక సన్నటి సందులో ఉంది. బస్టాండు నుంచి ఆటో యాభై అడిగాడు, నలభైకి వచ్చాడు. వరండాలో సగం మిషనే ఆక్రమించింది. మిగతా సగంలో నవారు మంచం మీద డెబ్బై దాటిన మనిషి తెల్లటి బనియను, నీలం లుంగీతో నిటారుగా కూర్చున్నాడు. ఆయనే మునిరత్నం. నీటికాసులతో చూపు చాలావరకూ పోయింది. నేను చెప్పులు విడుస్తున్న చప్పుడుకే తల తిప్పాడు.

"ఆడలేదంటే ఆడలేదనుకున్న మేడమ్ నువ్వేనా?"

అప్పుడే ఇల్లంతా చెప్పుకుని నవ్వుకున్నారన్నమాట. నేనేనని ఒప్పుకున్నాను.

చిత్తూరులో ఆయన్ని కాటా మునిరత్నం అంటారట. ఒకప్పుడు సినిమా హాళ్ల ముందు, బస్టాండ్లలో ఆయనవి నాలుగు మిషన్లుండేవి. ఇది చివరిది, చంద్రగిరి షాపు ముందు పోయినేడాది దాకా నడిచింది. "నడిచినన్నాళ్లూ ఒగ గుండు సూది బరువు గూడా అబద్దం సెప్పలా" అన్నాడు. అన్న తీరులో వినయమేమీ లేదు. "పొద్దున్నే షాపు తెరిస్తే మొదట దేవుడికి అగరబత్తి, ఆ తర్వాత పలక మీద ఇరవై కిలోల రాయి. ముల్లు ఇరవై మీద నిలబడినాకనే మొదటి రూపాయి. కావాలంటే కస్తూరిని అడుగు."

కస్తూరి కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, అవునన్నట్టు తల ఊపింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆ పూట ఎలాగైనా వరండా ఖాళీ కావాలన్న ఆత్రం ఆమె ముఖంలో కనబడుతూనే ఉంది.

కాఫీ పూర్తిగా తాగకుండానే పని మొదలుపెట్టాను. వెనక తలుపు తీశాను. వైర్లు పోయాయి. మోటారు చేత్తో తిప్పితే తిరిగింది. చక్రం మీద రంగులు పైపైన దుమ్ము తప్ప అలాగే ఉన్నాయి. పలక ఎత్తి చూస్తే అడుగున ఎండి నల్లబడిన నిమ్మకాయ చెక్కలు, వాటి మీద కుంకుమ గట్టిపడి ఉంది. ఏటేటా ఆయుధపూజకి దిష్టి తీసి, నిమ్మకాయ కోసి, మిషన్ గుండెకాయ ఎక్కడుందో అక్కడే భక్తిగా పెట్టారు. పులుపు ఇనుముని ఏం చేస్తుందో మా ఫస్టియర్ పిల్లలకి కూడా తెలుసు. పూజ చేసిన చేతుల్ని తిట్టలేక నాలో నేనే విసుక్కుంటూ చెక్కలన్నీ గీకి పారేశాను. తుప్పు ఉంది, కానీ కిరోసిన్‌కి కదిలే తుప్పే. గంటన్నరలో ముల్లు ఆడింది. నా అరచేతితో పలక నొక్కితే పైకి లేచి, వదిలితే సున్నా మీదికొచ్చి నిలబడింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మనసు అప్పుడే లాడ్జి రిసెప్షన్‌లో దీన్ని ఏ మూల నిలబెట్టాలో చూసుకుంటోంది.

"ఆడతా ఉండాదా?" అన్నాడు మునిరత్నం.

"ఆడుతోందండీ."

"అయితే రాయి పెట్టు."

మంచం కింద నుంచి కస్తూరి ఇరవై కిలోల రాయిని లాగింది. రాయంటే ఇనప తూకపు రాయి, పైన పట్టుకోవడానికి కడియం ఉంది. ఇద్దరం పట్టి పలక మీద పెట్టాం. ముల్లు లేచి, వణికి, నిలబడింది.

"ఎంత?" అన్నాడాయన.

ఆయనకు ముల్లు కనబడదు. నా నోట వచ్చిందే ఆయనకు అంకె. "పద్దెనిమిది" అన్నాను.

"మళ్లా పెట్టు."

తీసి మళ్లీ పెట్టాం. ఇరవై ఒకటిన్నర. చెప్పాను. మూడోసారి పెట్టాం. పంతొమ్మిది దగ్గర ఆగింది. అదీ చెప్పాను. ప్రతిసారీ రెండు కిలోలు తక్కువ చూపిస్తే నాకు చింత ఉండేది కాదు, ఒక మర తిప్పితే సరిపోతుంది. పెట్టిన ప్రతిసారీ వేరే అంకె వస్తోందంటే లోపల ఏదో ఒక చోట నిలకడ పోయిందని అర్థం. టార్చి తీసుకుని నేల మీద పడుకుని పలక కింద చూశాను. పెద్ద మీట మలుపులో, నిమ్మకాయలు పెట్టిన చోటికి సరిగ్గా పైన, జానెడు పగులు.

పగుళ్లు చూడ్డం నా ఉద్యోగంలో భాగం. ఇనుము ఈమధ్య పగిలితే లోపల బూడిద రంగులో మెరుస్తుంది. ఎన్నాళ్లనాడో పగిలితే లోపలి నుంచే గోధుమరంగుకి తిరుగుతుంది. ఇందులో రెండూ ఉన్నాయి. చివర రెండంగుళాలు మెరుస్తోంది, అది మొన్న బండిలో తెచ్చేటప్పుడు సాగింది. మిగతాదంతా గోధుమరంగే. ఏళ్లనాటి తుప్పు.

లేచి చేతులు తుడుచుకుంటూ మీట పగిలిందని చెప్పాను. కొత్తది పోత పోయించవచ్చు కానీ, పగిలి వంగినదాన్ని నమూనాగా పెట్టి పోస్తే కొత్తదీ సరిగ్గా చూపిస్తుందని మాటివ్వలేనని కూడా చెప్పాను. ఆయన ఇనుము సంగతి పట్టించుకోలేదు.

"పగులు పాతదా, కొత్తదా?"

మంచం వెనక నిలబడిన కస్తూరి నా వైపు చూసి చెయ్యి చిన్నగా ఊపింది. కొత్తదని చెప్పమంటోంది. ఎందుకో నాకు అర్థమైంది. కొత్తదైతే బండివాడి తప్పు. పాతదైతే మునిరత్నం తప్పు. కానీ పగులు చూసి పాతదో కొత్తదో ఉన్నదున్నట్టు చెప్పమని ఏటా అరవై మంది పిల్లలకి నేర్పేదాన్ని. నోరు దానికదే పలికేసింది.

"చివర కొంచెం కొత్తదండీ. మిగతాదంతా పాతదే. తుప్పు చూస్తే ఏళ్లయినట్టుంది."

సందులో ఎవరో కుక్కర్ విజిల్ లెక్కపెడుతున్నారు. ఆయన మెల్లగా అన్నాడు. "కండ్లు మసకబడినాక రాయి పెట్టేది మానేసినా. పెట్టినా ముల్లు ఎవురు సూసి సెప్పేది, ఎవురినీ అడగబుద్ది కాలా." మంచం పట్టె మీద చెయ్యి రాస్తూ చెప్పాడు. "చంద్రగిరిలో ఒగాయమ్మ బక్కపల్చటి బిడ్డని ఎత్తుకొని వారం వారం వస్తా ఉండె. మందులు మింగిస్తా ఉండాను, బరువు పెరగలేదు సామీ అని ఒగనాడు ఆడనే ఏడ్సింది. నేనేమో, మిషను అబద్దం సెప్పదుమా అంటి. పెరగనిది బిడ్డా, నా మిషనా?"

ఆ బిడ్డ బాగానే పెరిగి ఉంటుందని ఏదో గొణిగాను. నా మాట నాకే నచ్చలేదు.

ఇక దీన్ని ఇనుముకి వేసేస్తారనుకున్నాను. అయినా లోపలి ఆశ ఊరుకోక, లాడ్జిలో అలంకారానికే పెడతారని, లైట్లు వెలిగితే చాలన్నారని చెప్పాను.

"అలంకారమని నీకు తెలుసు, నాకు తెలుసు. దాని మీద ఎక్కినోడు నమ్ముతాడు గదా" అన్నాడు. తర్వాత లేచి గోడ పట్టుకుని మిషన్ దాకా వచ్చాడు. అద్దం తీయమన్నాడు. నేను నాలుగు మరలు విప్పి తీశాను. ఆయన వేళ్లతో తడిమి ముల్లు మొదలు పట్టుకుని, మధ్యలోని చిన్న మర గోటితోనే తిప్పాడు. ముల్లు ఆయన చేతిలోకి వచ్చేసింది. బనియను మీదికి చొక్కా తెమ్మని కస్తూరికి చెప్పి, చొక్కా తొడుక్కుని దాని జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు ఎత్తుకొని పో. లైట్లు ఎలగనీ, సక్రం తిరగనీ. బరువు మాత్రం ఎవురికీ సెప్పదు."

పాత ఇనుము ధరకే ఇచ్చాడు, పైసా ఎక్కువ పుచ్చుకోలేదు. కస్తూరి మాట్లాడిపెట్టిన లగేజీ ఆటో తిరుపతి దాకా రెండువేల రెండొందలకి ఒప్పుకుంది. ఇలాంటి మిషన్‌ని పడుకోబెట్టి తేవద్దు, నిలబెట్టి తాళ్లతో కట్టించండి. ఎక్కించడమయ్యాక సందు చివరిదాకా కస్తూరి నాతో నడిచింది. ఆటో దగ్గర ఆగి, నా ముఖంలోకి చూడకుండా అడిగింది. "కొత్తదని ఒగ మాట సెప్పుంటే మీకేం పోయుండేది మేడమ్?"

డ్రైవర్ పక్కన కూర్చుని పూతలపట్టు దాటేదాకా ఆ మాటకి జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. నిజం చెప్పానని ఒక పక్క ధైర్యం, ఆ నిజం ఎవరికి ఉపయోగపడిందని ఇంకో పక్క గుబులు. చీకటి పడుతుండగా ఇంటికి చేరాను. మా ఆయన ఏమీ అనకుండా వరండాలో స్కూటర్ జరిపాడు.

పది రోజుల్లో వైర్లు మార్చి, బల్బులు వేసి, రంగు కొట్టాను. చక్రం ముద్దుగా తిరుగుతోంది. లాడ్జి ఆయన వచ్చి చూసి మురిసిపోయాడు, తర్వాత అద్దం వైపు వేలు చూపించి "ముల్లేది మేడమ్? రేకు కత్తిరించి ఒకటి పెట్టేయండి, ఎవరు చూస్తారు" అన్నాడు. పెట్టనన్నాను. ముల్లు లేకుండా తీసుకోనన్నాడాయన. అరగంట పని, రేకూ కత్తెరా ఇంట్లోనే ఉన్నాయి, అయినా నాకు చేతులు రావడం లేదు. మిషన్ మా వరండాలోనే ఉంది. కొరియర్ అబ్బాయిలు, పాలావిడ, ఎవరొచ్చినా ఒకసారి ఎక్కి లైట్లు చూసి, "ఎంతండీ?" అని అడుగుతారు. తెలియదంటే వింతగా చూస్తారు.

ఇలాంటి మిషన్ చూడ్డానికి మీరు బయల్దేరుతుంటే ఒకటే సలహా. పది కిలోల బియ్యం మూట వెంట తీసుకెళ్లి, పలక మీద మూడుసార్లు పెట్టి తీయండి. మూడుసార్లూ ఒకే తప్పు చూపిస్తే ధైర్యంగా కొనండి, అది బాగుపడుతుంది. మూడుసార్లూ మూడు అంకెలు వస్తే వదిలేయండి. ఆ మూడు అంకెలూ ఇన్నాళ్లూ దాన్ని నమ్ముకున్న మనిషి ఎదురుగా పైకి చదవాలా వద్దా అన్నది మాత్రం నన్నడగకండి, నాకింకా తేలలేదు.